బావ షీటూ, ప్రెయిరీ గాలీ

మా బావ దగ్గర్నుంచి గూగుల్ షీటు వచ్చింది. పేరు "జూన్ గోల్ఫ్ ఫైనల్ 3". ముందు రెండు ఫైనళ్ళూ ఏమయ్యాయో అడగకండి. నాలుగు రోజులు, ఆరు గోల్ఫ్ మైదానాలు, అదే కోర్సులు, పదిహేనొందల పైచిలుకు మైళ్ళు. డ్రైవింగు గడులకి పసుపు, ఆటకి పచ్చ, నిద్రకి బూడిద రంగు వేశాడు. బూడిద రంగు ఎక్కడుందో వెతుక్కోవాలి. చివరి వరుసలో ప్రతి కోర్సుకి ఎదురుగా పత్రికలవాళ్ళు ఇచ్చిన ర్యాంకు.

ఇలాంటి కాగితం ఎక్కడో చూశానే అనుకున్నాను. కిందటేడు మా అమ్మావాళ్ళు వెళ్ళొచ్చిన నవగ్రహ క్షేత్రాల బస్సు టూరు కరపత్రం. రెండు రోజుల్లో తొమ్మిది గుళ్ళు. దిగు, దణ్ణం పెట్టు, ఎక్కు. ఏ గుడిలో ఏ గ్రహమో మా అమ్మకి ఇప్పుడు గుర్తు లేదు. కుంభకోణం దగ్గర బస్సు టైరు పంక్చరైతే రోడ్డు పక్కన తాగిన కాఫీ గురించి మాత్రం ఇంకా చెబుతూనే ఉంది.

బావకి ఫోన్లో చెబితే వినడు. మెసేజీ పెడితే బొటనవేలు బొమ్మ పంపించి ఊరుకుంటాడు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ప్రెయిరీ మీద, అంటే అమెరికా నడిమధ్య ఉన్న గడ్డి మైదానాల్లో, గోల్ఫ్ ఆడటానికి బయల్దేరేవాడు కోర్సుల జాబితా ముందేసుకుని కూర్చోకూడదు. ముందు రోడ్డు చూసుకోవాలి, గాలి చూసుకోవాలి, గ్యాస్ స్టేషన్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకోవాలి, ఒక రోజు పూర్తిగా ఖాళీ ఉంచుకోవాలి. ఆ మిగిలిన జాగాలో ఎన్ని కోర్సులు పడితే అన్ని.

ముందు మా సంగతి చెబుతాను. నేనుండేది నెబ్రాస్కా రాష్ట్రంలో ఒమాహాలో, బావ ఉండేది కాన్సస్ రాష్ట్రంలో ఓవర్‌ల్యాండ్ పార్కులో. ఇద్దరిదీ విశాఖపట్నమే. చిన్నప్పుడు గోల్ఫ్ అంటే మాకు తెలిసింది ఈస్ట్ పాయింట్ క్లబ్బు గోడ. అవతల ఏం జరుగుతుందో తెలీదు, నేవీ ఆఫీసర్లు ఆడతారని వినికిడి. మా ఆట గోడకి ఇవతల, కర్రాబిళ్ళ. గోల్ఫ్ కర్ర చేత్తో పట్టుకున్నది నలభయ్యో పడిలో పడ్డాక, ఆఫీసువాళ్ళు తీసుకెళ్ళిన ఔటింగులో. నా ఆట గురించి చెప్పుకోడానికి ఏమీ లేదు. గోల్ఫ్‌లో ఎన్ని తక్కువ దెబ్బల్లో ముగిస్తే అంత గొప్ప. వందకి లోపు కొట్టిన రోజు ఇంటికి స్వీటు పట్టుకెళ్తాను. బావ కాస్త నయం, తొంభై చుట్టూ తిరుగుతుంటాడు. ఆ సంగతి మనల్ని మర్చిపోనివ్వడు.

ఆసియాలో స్టెప్పీలు, ఉత్తర అమెరికాలో ప్రెయిరీలు, దక్షిణ అమెరికాలో పంపాలు, దక్షిణాఫ్రికాలో వెల్డులు, ఆస్ట్రేలియాలో డౌన్లు. సాంఘిక శాస్త్రంలో "జతపరచుము" అని ఐదు మార్కులు. ఆ పాఠం పుణ్యమా అని ప్రెయిరీ అంటే బల్లపరుపు అనుకున్నాను. ఇక్కడికొచ్చాక కూడా చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. ఎందుకంటే ఇంటర్‌స్టేట్ 80 మీద పోతుంటే కనబడేది అదే. ప్లాట్ నది పక్కన మొక్కజొన్న, సోయా, మళ్ళీ మొక్కజొన్న. నార్త్ ప్లాట్‌లో ఆ రోడ్డు వదిలేసి 97వ నంబరు హైవే మీద ఉత్తరానికి తిరిగితే గానీ అసలు విషయం తెలీలేదు.

కాసేపటికి పొలాలు అయిపోతాయి. దిబ్బలు మొదలవుతాయి. ఇసుక దిబ్బలు, వాటి మీద గడ్డి. దిబ్బ వెనక దిబ్బ, దాని వెనక ఇంకోటి, మధ్యలో పల్లంలో ఒక నీటి మడుగు, దాని ఒడ్డున నల్లావులు. చెట్టు లేదు, ఇల్లు లేదు. శాండ్‌హిల్స్ అంటారు. సుమారు 50,000 చదరపు కిలోమీటర్లు. తెలంగాణలో సగానికి కాస్త తక్కువ. ఇందులో చెర్రీ కౌంటీ ఒక్కటే మన పెద్ద జిల్లా అంత ఉంటుంది, జనాభా ఆరు వేలు కూడా లేదు.

నిజానికి ఇది ఎడారే, గడ్డి కప్పుకుని పడుకుంది. వెయ్యేళ్ళ కిందటి పెద్ద కరువుల్లో గడ్డి చచ్చి ఈ దిబ్బలు మళ్ళీ కదిలాయని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. 1904లో కింకేడ్ చట్టం తెచ్చి ఒక్కో కుటుంబానికి 640 ఎకరాల దాకా ఇస్తాం, వచ్చి బతకండి అన్నారు. 640 ఎకరాలంటే మన లెక్కలో జమీందారే. కానీ దున్నితే ఇసుక గాలికి లేచిపోయింది. చాలామంది అమ్ముకుని పోయారు, భూమి పశువుల రాంచుల కిందికి పోయింది. అడుగున ఓగలాలా జలాశయం, నీళ్ళు పైపైనే ఉంటాయి. అదే జలాశయం కాన్సస్ పడమటి వైపుకి వచ్చేసరికి బోర్లు ఏటికేడు కిందికి దిగిపోతున్నాయి. అనంతపురం బోర్ల కథలు విన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

గడ్డి వేరు ఎక్కడ తెగినా గాలి అక్కడ గొయ్యి తవ్వడం మొదలుపెడుతుంది. దాన్ని బ్లోఅవుట్ అంటారు. రాంచ్ యజమానులకి అదంటే హడలు. గొయ్యి పెరక్కుండా పాత టైర్లు తెచ్చి అందులో పడేస్తారు. గోల్ఫ్ కోర్సు కట్టేవాళ్ళకి మాత్రం అదే గొయ్యి ముద్దొస్తుంది. డబ్బులిచ్చి తవ్వించుకోవాల్సిన బంకరు, అంటే ఆటలో అడ్డంకిగా ఉంచే ఇసుక గుంట, గాలి ఊరికే తవ్విపెట్టింది కదా.

గోల్ఫ్ పిచ్చివాళ్ళు ఇంత దూరం పడొచ్చేది ఈ నేల కోసమే. కాన్సస్‌లో హచిన్‌సన్ దగ్గర ఇలాంటి దిబ్బల్లోనే ఉప్పు వ్యాపారం చేసిన కేరీ కుటుంబం ప్రెయిరీ డ్యూన్స్ కట్టించింది, 1937లో. ఒక కోర్సుకి కావలసింది పద్దెనిమిది హోల్స్, అంటే ఆట మొదలుపెట్టే చోటు నుంచి గుంట దాకా ఒక్కో దారి. డిజైన్ చేసిన పెరీ మ్యాక్స్‌వెల్ ఆ నేలంతా నడిచి చూసి, "ఇక్కడ 118 హోల్స్ ఉన్నాయి, ఓ వంద తీసేస్తే సరి" అన్నాడని చెప్పుకుంటారు. పాపం ఆయన చేతికి తొమ్మిదే అయ్యాయి, మిగతా తొమ్మిదీ ఇరవయ్యేళ్ళ తర్వాత కొడుకు ప్రెస్ మ్యాక్స్‌వెల్ పూర్తి చేశాడు. ఇక్కడ నెబ్రాస్కాలో మల్లెన్ అనే ఊరి దగ్గర శాండ్ హిల్స్ క్లబ్బుకి డిజైనర్లు బిల్ కోర్, బెన్ క్రెన్‌షా చేసిందీ అదే. దిబ్బల్లో తిరిగి తిరిగి మ్యాపు మీద 130కి పైగా హోల్స్ గుర్తుపెట్టుకుని, అందులోంచి పద్దెనిమిది ఏరుకున్నారు. మట్టి కదిపింది చాలా తక్కువ. 1995లో తెరిచారు. క్రెన్‌షా ఆటగాడు కూడా, అదే ఏడు మాస్టర్స్ అనే పెద్ద టోర్నమెంటు రెండోసారి గెలిచాడు.

వాళ్ళు చేసింది తీసెయ్యడం. మా బావ చేస్తున్నది కలపడం.

కలిపినవాటిలో మొదటి రెండూ ఈ ప్రెయిరీ డ్యూన్సూ, శాండ్ హిల్సూనే. రెండూ ప్రైవేటు క్లబ్బులు. సభ్యుల తోడు లేనిదే గేటు దాటలేం. బావ వాటికి ఎదురుగా "కనుక్కోవాలి" అని రాసి ఎరుపు రంగు వేశాడు. ఆ ఎరుపు ఫైనల్ 1 నుంచీ అలాగే ఉంది. ఒకప్పుడు నాకూ ఆశ ఉండేది, కాదనను. ఎవరో సభ్యుడని తెలిసి లింక్డిన్‌లో ఆయనకి మూడుసార్లు మెసేజీ రాసి మూడుసార్లూ చెరిపేశాను. చదువుకుంటే ఎలా ఉందంటే, సిఫార్సు ఉత్తరం కోసం ఎమ్మెల్యేగారి పీయే ముందు చేతులు కట్టుకుని నిలబడ్డట్టుంది. గోడకి ఇవతల పెరిగినవాణ్ణి, ఈ వయసులో మళ్ళీ ఇంకో గోడ చుట్టూ ఎందుకు తిరగాలి?

"మరి ఎవరైనా పిలిస్తే వెళ్ళవేటి?" అన్నాడు బావ.

వెళ్తాను. పరిగెత్తుకుంటూ వెళ్తాను. పిలుపొస్తే వెళ్ళడం వేరు, పిలుపొస్తుందేమోనని షీటులో ఒక రోజు కట్టేసుకోవడం వేరు.

అదే షీటులో అడుగున, "వీలైతే" అనే వరుసలో గోథెన్‌బర్గ్ ఉంది. నాకు ఒళ్ళు మండింది అక్కడే. గోథెన్‌బర్గ్ మూడున్నర వేల జనాభా ఉన్న ఊరు. ఇంటర్‌స్టేట్ 80 నుంచి కూతవేటు దూరం. శాండ్ హిల్స్ కట్టినప్పుడు ఆ పనిలో ఉన్న డాన్ ప్రాక్టర్, డేవ్ యాక్స్‌ల్యాండ్ ఈ ఊరివాళ్ళ కోసం వైల్డ్ హార్స్ అనే కోర్సు కట్టిపెట్టారు, 1990ల చివర్లో. ఎవరైనా ఫోన్ చేసి, డబ్బు కట్టి ఆడొచ్చు. అదే ఇసుక, అదే గడ్డి, అదే గాలి. గోడ లేదు. ర్యాంకు కాస్త కిందుందని దాన్ని "వీలైతే"లో వేశాడు.

ప్రెయిరీ మీద గోల్ఫ్ అంటే ఏమిటో నాకు తెలిసింది అక్కడే, రెండేళ్ళ కిందట. ఎదురుగాలి. గుంట దగ్గర పాతిన జెండా నూట యాభై గజాలు. దూరం కొట్టే కర్ర, ఐదో నంబరు ఐరన్, తీసి కొడితే ముప్పై గజాలు తక్కువ పడింది. తర్వాతి హోల్లో అదే గాలి వెనక నుంచి. దగ్గరికి కొట్టే తొమ్మిదో నంబరు తీసి కొడితే గ్రీను, అంటే గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి, మీదుగా పోయి అవతల గడ్డిలో కలిసింది. బంతి కనబడలేదు, దొరికింది ఎవరో పారేసుకున్న ఇంకో బంతి. అప్పటికి సిగ్గు విడిచేశాను. ఆ తర్వాతి హోల్లో గ్రీనుకి ఇంకా నలభై గజాలు ఉండగానే బ్యాగులోంచి పటర్ లాగాను, గ్రీను మీద బంతిని దొర్లించే కర్ర. బావ నవ్వాడు. నేల గట్టిగా ఉంది, గడ్డి పొట్టిగా ఉంది. బంతి దొర్లుకుంటూ వెళ్ళి చిన్న దిబ్బ ఎక్కింది. మీద ఆగినట్టే ఆగింది. ఎడమకి వాలింది. కిందికి జారి, గ్రీను అంచున వేగం పుంజుకుని, మళ్ళీ నెమ్మదించి జెండాకి బారెడు దూరంలో కూర్చుంది. దాదాపు పదిహేను సెకన్లు పట్టి ఉంటుంది. గాల్లోకి లేపి కొట్టే షాటులో ఇంత సేపు ఆశపడే అవకాశం ఉండదు. కర్రాబిళ్ళలో నేలబారున కొట్టేవాణ్ణి మేం ఏడిపించేవాళ్ళం. ఆ దిబ్బల మీద నేలబారువాడిదే రాజ్యం.

ఆ ట్రిప్పు కూడా బావ షీటు ప్రకారమే నడిచింది. నడిచింది అనకూడదు. మర్నాటి రాత్రి మల్లెన్‌లో మోటెల్. తెల్లారి వాలెంటైన్ వైపున్న ప్రెయిరీ క్లబ్‌లో 8:10కి టీ టైమ్, అంటే మా ఆట మొదలయ్యే వేళ. పేరులో క్లబ్బు ఉన్నా అది రిసార్టు, బయటివాళ్ళు గది తీసుకుని ఆడుకోవచ్చు. మల్లెన్ నుంచి గంట దారి. షీటులో 6:45కి బయల్దేరాలని ఉంది. బయల్దేరాం. మా అంతటివాళ్ళు లేరనుకుంటూ, రేడియోలో ఏ స్టేషనూ తగలక పాత ఎస్పీబీ పాటలు పెట్టుకుని, దర్జాగా వెళ్ళాం. కౌంటరు వెనక కుర్రాడు గడియారం చూసి, మమ్మల్ని చూసి, "మల్లెన్ నుంచా?" అన్నాడు. ఎలా తెలిసింది అన్నాం. గోడ గడియారం చూపించాడు. పావు తక్కువ తొమ్మిది.

మల్లెన్ ఉన్న హుకర్ కౌంటీది మౌంటెన్ టైమ్. నార్త్ ప్లాట్‌ది సెంట్రల్, వాలెంటైన్‌ది సెంట్రల్. అంటే ఒకే 97వ నంబరు రోడ్డు మీద ఉత్తరానికి పోతుంటే గడియారం ఓసారి గంట వెనక్కి పోతుంది, మళ్ళీ గంట ముందుకొస్తుంది. షీటులో మైళ్ళు ఉన్నాయి, నిమిషాలు ఉన్నాయి, టైమ్ జోను గడి లేదు. దార్లో సిగ్నల్ లేదు కాబట్టి ఫోనూ నోరెత్తలేదు. ఆ కుర్రాడు మంచివాడు, పదకొండు తర్వాత ఇంకో జట్టుతో కలిపి పంపించాడు. అప్పటికి గాలి బాగా లేచింది. బావ వందా పన్నెండు కొట్టాడు. ఆ సంగతి నేనూ మర్చిపోనివ్వను.

ఇంకో మాట, ఆ రోడ్డు మీదే. మల్లెన్‌కీ వాలెంటైన్‌కీ మధ్య డెబ్బై మైళ్ళ పైమాటే, నాకు ఒక్క గ్యాస్ స్టేషనూ కనబడలేదు. సగం ట్యాంకు అంటే ఖాళీ ట్యాంకు అనుకోండి. సాయంత్రం పూట జింకలు రోడ్డెక్కుతాయి. జూన్‌లో వాలెంటైన్‌లో తొమ్మిది దాటితే గానీ పొద్దు కుంకదు కాబట్టి ఆడుకోడానికి కావలసినంత వెలుతురు ఉంటుంది, చీకటి పడ్డాక డ్రైవింగు పెట్టుకోవలసిన పనే లేదు. బావ షీటులో రెండు రాత్రులు పది తర్వాత పసుపు గడులున్నాయి. అవి కొట్టేశాను. నార్త్ డకోటాలో మెడోరా దగ్గరి బుల్లీ పల్పిట్ అనే కోర్సు కూడా కొట్టేశాను. బ్యాడ్‌లాండ్స్ చూడాలని నాకూ ఉంది గానీ, వాలెంటైన్ నుంచి ఆరేడు గంటలు పోయి పద్దెనిమిది హోల్స్ ఆడి మళ్ళీ ఆరేడు గంటలు వెనక్కి రావడం ప్రయాణం కాదు, లారీ డ్రైవరు డ్యూటీ.

షీటులో ఉన్న ల్యాండ్‌మాండ్ అనే కోర్సు సంగతి వేరు. ఒమాహాకి ఉత్తరాన గంటన్నర దూరంలో హోమర్ అనే ఊళ్ళో ఉంది. ఇసుక కాదు, గాలి తెచ్చి పోసిన మెత్తటి లోయస్ మట్టి గుట్టలు. ల్యాండ్‌మాండ్ అంటే డానిష్ భాషలో రైతు. రైతు కుటుంబమే తమ భూమిలో కట్టించుకుని 2022లో తెరిచింది, అందరికీ ప్రవేశం ఉంది. ప్రవేశం ఉంది గానీ టికెట్టు దొరకాలిగా. బుకింగు తెరిచిన రోజు నేనొక ల్యాప్‌టాప్, బావ ఒక ల్యాప్‌టాప్, మా అక్క ఫోను పట్టుకుని కూర్చున్నాం. తిరుమల మూడొందల రూపాయల దర్శనం టికెట్లకి కూర్చున్నట్టే. చక్రం తిరిగింది, తిరిగింది, అయిపోయాయంది. మా అక్క, "ఆయన పిలిస్తే గానీ వెళ్ళలేంలే" అని ఫోను పక్కన పెట్టి కూరగాయలు తరుక్కోడానికి వెళ్ళిపోయింది. ఈసారి కూడా ప్రయత్నిస్తాం. దొరక్కపోతే ఆ రోజుని ఇంకో పెద్ద కోర్సుతో నింపొద్దు అన్నదే నా గొడవ.

ఎందుకంటే కిందటిసారి ప్రయాణంలో నాకు బాగా మిగిలిపోయిన పూట షీటులో లేనిది. వాలెంటైన్ నుంచి తిరిగొస్తూ, ఓ చిన్న ఊరి చివర ధాన్యం గోదాముల పక్కన "గోల్ఫ్" అని చేత్తో రాసిన బోర్డు చూసి బండి తిప్పాను. బావ గొణిగాడు. తొమ్మిది హోల్స్. మనిషి లేడు. రేకు షెడ్డుకి తగిలించిన ఒక ఇనప డబ్బా, పక్కన కవర్లు, తాడుకి కట్టిన పెన్సిలు. పేరు రాసి, పది డాలర్లు కవర్లో పెట్టి డబ్బాలో వెయ్యాలి. బావ ఇటూ అటూ చూసి, "కెమేరా కూడా లేదేటి?" అన్నాడు. లేదు.

మొదటి గ్రీను దగ్గరికి వెళ్తే అది గ్రీను కాదు. గుండ్రంగా, చిన్న కళ్ళమంత, నల్లగా జిడ్డోడుతున్న ఇసుక. గాలికి లేవకుండా నూనె కలిపిన ఇసుక. నీళ్ళు పెట్టి గడ్డి పెంచే స్తోమత లేని ప్రెయిరీ ఊళ్ళల్లో ఒకప్పుడు ఎక్కడ చూసినా ఇవేనట. ఇప్పుడు నెబ్రాస్కా, కాన్సస్, కెనడాలో సస్కాచెవాన్ లాంటి చోట్ల కొన్ని మిగిలాయి. మన దేశంలోనూ నీళ్ళకి కరువైన పాత కంటోన్మెంటు కోర్సుల్లో ఇలాంటివే ఉండేవి, బ్రౌన్లు అనేవారు.

ఎలా ఆడాలో తెలీదు. అంచున రెండు పనిముట్లు పడున్నాయి. ఒకటి పొడుగాటి కర్రకి అడ్డంగా బిగించిన ఇనప గొట్టం, ఇంకోటి పళ్ళున్న దంతె లాంటిది. తిప్పి తిప్పి చూసి బావే కనిపెట్టాడు. ఇంజనీరు కదా. బంతి దగ్గర్నుంచి గుంట దాకా గొట్టంతో ఇసుకని నున్నగా లాగాలి, అలికినట్టు. అడుగు వెడల్పున తిన్నటి దారి పడుతుంది. ఆ దారిలో పటర్‌తో కొట్టాలి. ఏ వాలూ లేదు, ఏ మోసమూ లేదు. తిన్నగా కొట్టగలవా లేదా, అంతే. అయ్యాక దంతె గుంట దగ్గర పెట్టి, చుట్టూ తిరుగుతూ బయటికి లాక్కుంటూ రావాలి. మన అడుగులు చెరిగిపోతాయి, ముగ్గు పెట్టినట్టు చుట్టలు చుట్టలుగా గీతలు పడతాయి. వెనకొచ్చేవాడికి శుభ్రమైన గ్రీను. వెనక ఎవరూ లేరు, అయినా తొమ్మిదింటికీ లాగాం. బావ నాలుగో హోల్ నుంచీ దంతె నాకివ్వలేదు.

ఏడో హోల్లో ఉండగా పికప్పు ట్రక్కొకటి వచ్చి ఆగింది. అరవై దాటిన ఆవిడ, కిటికీ దించి, మమ్మల్ని ఎగాదిగా చూసి అడిగింది, "ఆస్పత్రికి కొత్తగా వచ్చిన డాక్టర్లు మీరేనా?"

కాదమ్మా, దారినపోయేవాళ్ళం అన్నాం. ఆవిడ మొహంలో నిరాశ చూడాలి. ఆ ప్రశ్నకో లెక్కుంది. బయటి దేశాల డాక్టర్లు ఇక్కడ జె1 వీసా మీద చదువు పూర్తిచేశాక ఉండిపోవాలంటే, డాక్టర్లు దొరకని ప్రాంతంలో మూడేళ్ళు పనిచెయ్యాలి. కాన్రాడ్ 30 అంటారు, రాష్ట్రానికి ఏడాదికి ముప్పై. అందుకే మనవాళ్ళు ఇలాంటి ఊళ్ళల్లో తేలుతుంటారు. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివిన మా స్నేహితుడొకడు ఇలాంటి ఊళ్ళోనే మూడేళ్ళకని వెళ్ళి తొమ్మిదేళ్ళుగా ఉన్నాడు. ఏ రోడ్డు మూసేశారు, ఎక్కడ వడగళ్ళు పడుతున్నాయి, ఏ కేఫ్ ఆదివారం తెరుస్తారు అని వాడికి ఫోన్ చేస్తే చెబుతాడు. షీటులో వాడి నంబరు గడి కూడా పెట్టమన్నాను.

ఇక్కడ మా ఆవిడ గుర్తుచేసిన విషయం ఒకటుంది, దాచడం బాగోదు. 2017 ఫిబ్రవరిలో ఓలేతలో, అంటే బావ ఇంటికి పక్క ఊళ్ళోనే, ఒక బార్‌లో తెలుగు ఇంజనీరుని ఒకడు "మా దేశం నుంచి పొండి" అని అరుస్తూ కాల్చి చంపాడు. అడ్డుపడిన తెల్లకుర్రాడికీ తూటా తగిలింది. ఆ తర్వాత చాలా ఇళ్ళల్లో ఊళ్ళవైపు రోడ్డు ప్రయాణాలు మానేశారు. మా ఇంట్లోనూ కొన్నాళ్ళు మానేశాం. భయం అబద్ధమని నేననను. కానీ అది జరిగింది దిబ్బల్లో, పల్లెటూళ్ళో కాదు, మనవాళ్ళు వేలల్లో ఉండే శివారులో. మల్లెన్‌లో నాకు ఎదురైన ఇబ్బంది ఒక్కటే, మోటెల్ ఆయన గంటసేపు క్రికెట్ రూల్స్ చెప్పించుకున్నాడు. మా ఇంటి ఒప్పందం మాత్రం అమల్లో ఉంది. సిగ్నల్ వచ్చిన ప్రతి ఊళ్ళో మెసేజీ పెట్టాలి, సిగ్నల్ ఉండని గంటలు ఎప్పుడెప్పుడో ముందే చెప్పాలి. ఇది కూడా షీటులో లేదు.

తిండి గురించి పెద్దగా చెప్పను. ఆవుల దేశం, స్టేకుల ఊళ్ళు. నెబ్రాస్కావాళ్ళు ప్రాణం పెట్టే రంజా ఉంది, క్యాబేజీ, గొడ్డుమాంసం కూరి కాల్చిన బన్ను. నాకు పేచీ లేదు. బావకి శనివారం వెంకటేశ్వరస్వామి. ఆ రోజు నీసు ముట్టడు. కిందటిసారి శనివారం రాత్రి వాలెంటైన్‌లో పడింది. మెనూ అటునుంచి ఇటు, ఇటునుంచి అటు చదివి, చివరికి ఉడికించిన బంగాళాదుంప ఒకటి, ఆకుకూర ముక్కలు నాలుగు తిని, గదికొచ్చి డిక్కీలోంచి మా అత్త పంపిన ఆవకాయ జాడీ తీశాడు. బ్రెడ్డుకి రాసుకుని తిన్నాడు. గోల్ఫ్ బ్యాగుకి ఆ నూనె మరక ఇప్పటికీ ఉంది.

సరే, నా షీటు ఇది. గురువారం మధ్యాహ్నానికి గోథెన్‌బర్గ్ చేరి, ఎండ తగ్గాక ఒక రౌండు. శుక్రవారం పొద్దున్నే, గాలి లేవకముందే, అక్కడే ఇంకో రౌండు. ఒకే కోర్సు రెండు గాలుల్లో ఆడితే రెండు కోర్సులు ఆడినట్టే, డ్రైవింగు లేకుండా. తర్వాత 97 ఎక్కి దిబ్బల్లోకి. శుక్రవారం సాయంత్రం ఆట లేదు. మల్లెన్ దగ్గర రెండో నంబరు హైవే పక్కనే వయోమింగ్ నుంచి బొగ్గు రైళ్ళు పోతుంటాయి, మైలు పైన పొడుగు. ఓ రైలు పక్కన బండి ఆపి పెట్టెలు లెక్కపెట్టాలని ఉంది. చిన్నప్పుడు మర్రిపాలెం గేటు దగ్గర లెక్కపెట్టినట్టు. ఆదివారం ప్రెయిరీ క్లబ్, సెంట్రల్ టైమ్ 10:30కి. "సెంట్రల్" అన్న మాట లావు అక్షరాల్లో. సోమవారం ఇంటికి, ల్యాండ్‌మాండ్ దొరికితే దాని మీదుగా.

మధ్యలో శనివారం ఉంది. ఆ గడికి రంగు వెయ్యలేదు. రోడ్డు పక్కన ఏ బోర్డు కనబడితే అది. నిన్న రాత్రి బావకి పంపించాను. బొటనవేలు బొమ్మ రాలేదు. పొద్దున చూస్తే షీటు పేరు "ఫైనల్ 4" అయింది. గోథెన్‌బర్గ్ "వీలైతే"లోంచి పైకొచ్చింది. శనివారం గడి ఖాళీగానే ఉంది గానీ, మూలన చిన్న అక్షరాల్లో ఒక మాట చేర్చాడు.

"రైస్ కుక్కర్ నువ్వు తే."